ఈ ఏడు రాని కాఫీ పొట్లం

"అమ్మా, దారికి అడ్డంగా ఆ దుంగ పడేసింది నువ్వేనా?"

వీర్పి బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేసింది. కాళ్ళకింద మంచు కరిగి గచ్చు మీద మడుగు కట్టింది. మొగుడు పోయినా గచ్చు గచ్చే, తుడిచేది నేనే.

"నేనే. బూట్లు విప్పు."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. ట్రాక్టరుకి గొలుసు కట్టి ఈడ్చుకొచ్చాను. బూట్లు విప్పమన్నానా?"

విప్పింది. రెండూ రెండు మూలలకి విసిరింది. ఇరవై ఏడేళ్ళొచ్చినా కోపమొస్తే ఏడేళ్ళదే.

"రేపు పదింటికి స్కీ క్లబ్బు సీజను మొదలు, తెలుసా నీకు? నలభై మంది పిల్లలొస్తున్నారు. నా పిల్లలు! అందులో తొమ్మిదిమంది మొదటిసారి స్కీలు కట్టుకుంటున్నారు. తైస్తో పొద్దున్నే మంచు బండేసుకుని స్కీ దారి తొక్కి చదును చేద్దామని వస్తే, లైటు స్తంభం పన్నెండు దగ్గర ఇంత లావు దుంగ! వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ముట్టుకోనైనా లేదు."

"ముట్టుకుంటే బాగుండేదేమో."

"ఏంటి?"

"ఏం లేదు. జావ తింటావా?"

మూల కుర్చీలో మా అత్తగారు లేంపి మేజోడు అల్లుకుంటోంది. ఎనభై రెండేళ్ళు. వినపడాలనుకున్నది వినపడుతుంది, అక్కర్లేనిది వినపడదు. ఆ పొద్దున చేతులు మాత్రం ఆడుతున్నాయి.

"నానమ్మా, నువ్వైనా చెప్పు," అంది వీర్పి.

"రొట్టె కోసి పెట్టాను. తిను," అంది ఆవిడ.

వీర్పి బల్ల దగ్గర కూలబడింది. "ఐదు కిలోమీటర్ల దారిలో మన అడవిలో పడేది అరకిలోమీటరు. ఆ అరకిలోమీటరు లేకపోతే దారి మొత్తం లేనట్టే. అది నాన్న వేసిన దారమ్మా! ఆయన దారికి నువ్వు అడ్డం పెడతావా?"

"నాన్న అడిగేవాడు."

"ఎవర్ని?"

"నన్ను."

దానికి తెలియదు. అక్టోబరు వచ్చిందంటే దారి పెద్దగా మా ఆయన కలెర్వో ఊరంతా తిరిగేవాడు. దారి ఎవరెవరి అడవిలోంచి, ఎవరెవరి చేలోంచి పోతుందో ఆ ఇళ్ళన్నిటికీ తలా అరకిలో కాఫీ పొట్లం. ఎర్ర పొట్లం, ఇటుకలా గట్టిగా ఉంటుంది. ఎవరూ కాగితం మీద సంతకం అడగరు. కూర్చోవాలి, ఒక ఏలకుల బన్ను తినాలి, వానల గురించీ ఎలుగుబంట్ల గురించీ మాట్లాడాలి. లేచి టోపీ పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, అప్పుడు అడగాలి: మళ్ళీ అటే పోవచ్చా అని. ముందే అడిగితే మొరటుతనం, అడక్కుండా పోతే అంతకంటే మొరటుతనం.

ఆఖరి పొట్లం మా బల్ల మీదే పెట్టేవాడు. తన ఇంట్లోనే టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి, "ఇంటావిడగారూ, ఈ ఏడు తమరి అడవిలోంచి పోనిస్తారా?" అనేవాడు. "కాళ్ళు తుడుచుకుని పొమ్మను," అనేదాన్ని. ఇరవై మూడేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన పోయాక వేసవి గడిచింది, ఆకులు రాలాయి, అక్టోబరు వచ్చి పోయింది. పొట్లం రాలేదు.

"ఎవరూ అడగలేదు వీర్పీ. కొమ్మలు కొట్టుకున్నారు, బల్బులు మార్చుకున్నారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కడు ఇటు తిరిగి తలూపలేదు."

"నిన్ను ఇబ్బంది పెట్టకూడదని అనుకున్నారేమో."

"ఏడు నెలలా?"

అది రొట్టె ముక్క దూరంగా నెట్టింది.

"ఏడు నెలల్లో నువ్వు కాక ఈ గుమ్మం తొక్కింది పోస్టు మనిషి ఒక్కడే. నేను వండిపెట్టే బడి పిల్లలు తప్ప నాతో మాట్లాడింది ఎవరో చెప్పు. తైస్తో? మీ నాన్నతో కలిసి బళ్ళో చదివినవాడు, ఆయన పోయి పడి ఉంటే స్తంభం కింద ముందు చూసినవాడు! ఒక్కసారైనా వచ్చి, ఇర్మా, నేను చూసేసరికి వాడు ఇలా ఉన్నాడు అని చెప్పాడా? నాకు తెలుసుకోవాలని ఉండదూ?"

అంత గట్టిగా అరిచానని నాకు తర్వాత తెలిసింది. కోపం కూడా రాలేదు నిజానికి. గొంతు అదంతట అదే లేచింది, అంతే.

అత్తగారి సూదులు ఆగాయి.

"జావ మాడుతోంది," అంది.

* * *

తైస్తో మూడింటికి వచ్చాడు. అప్పటికే పొద్దు వాలింది. గుమ్మంలో నిలబడ్డాడు, పైన అడ్డదూలం దాటి లోపలికి రాకుండా. పిలవందే దూలం దాటకపోవడం మా వైపు మర్యాద. చేతిలో ఎర్ర పొట్లం.

నేను చూశాను. పలకలేదు. వీర్పి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టబోయి ఆగింది. గోడ గడియారం మాత్రం దాని పని అది చేసుకుంటోంది.

"మంచు బాగా పడింది," అన్నాడు చివరికి.

"పడింది."

"గట్టిపడుతోంది కూడా."

"తైస్తో, నీకు మాటలు రాకపోతే ఇంటికి పో. వస్తే లోపలికి రా."

వచ్చాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. పొట్లం బల్ల మధ్యలో పెట్టాడు. తోటలో కప్పని చూసినట్టు చూస్తున్నాడు దాన్ని.

"నవంబరు ఆఖరు," అన్నాను. "అడవి సగం నరికాక అడగడానికొచ్చావు. బాగుంది. కలెర్వో ఉంటే నీ చెవి మెలేసేవాడు."

"మెలేసేవాడే." ఒప్పుకున్నాడు. పొట్లాన్ని వేలితో నా వైపు జరిపి, "ఇది రెండోది, ఇర్మా," అన్నాడు.

"ఏది రెండోది?"

"పొట్లం."

నాకు అర్థం కాలేదు. ఆయన నా వంక చూడలేదు. మూల కుర్చీ వంక చూశాడు.

"పెద్దమ్మా," అన్నాడు, "ఇంకెంతకాలం?"

అత్తగారు మేజోడు ఒళ్ళో పెట్టుకుంది.

వీర్పి లేచి కాఫీ డబ్బా తెరిచింది. లోపలున్న పొడి వాసన చూసింది. పొయ్యి పక్క బుట్టలో రాజేసుకోడానికి దాచిన కాగితాలు కదిపింది. మడతపెట్టిన ఎర్ర కాఫీ సంచి ఒకటి పైకి తీసింది. మా ఇంట్లో కొనేది నీలం పొట్లం. నా పెళ్ళైనప్పట్నుంచీ నీలమే.

అక్టోబరు నుంచి కాఫీ రుచి మారిందనిపిస్తే, నాలుకే చచ్చిపోయిందనుకున్నాను. ఎవరితోనూ అనలేదు. అన్నీ పోయాయి, ఇదొకటి పోతే ఏమిలే అనుకున్నాను.

"నువ్వు బళ్ళో ఉన్నప్పుడు వచ్చాడు," అంది అత్తగారు. "అడిగాడు. పొమ్మన్నాను."

"వెళ్ళిపొమ్మన్నారా?"

"అటే పొమ్మన్నాను. దారి. సరేనన్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకు బాగుండటం లేదు కదా."

"అత్తయ్యా, నాకు జ్వరం వచ్చిందా?"

తైస్తో టోపీని ఇటు తిప్పి అటు తిప్పాడు. "మేలో వచ్చాను ఇర్మా. నువ్వు పడుకున్నావంది పెద్దమ్మ. జూలైలో మా ఆవిడ, నేనూ ఇద్దరం వచ్చాం, కేకు కూడా చేసింది ఐలీ. మనుషుల్ని చూస్తే నీకు తల నొప్పి వస్తోందని చెప్పి పెద్దమ్మ గుమ్మంలోంచే పంపేసింది. సెప్టెంబరులో క్లబ్బు వాళ్ళు ఆరుగురు వచ్చారు. మీ కట్టెలు కొట్టిపెడదామని. అవసరం లేదంది."

"ఆ కట్టెలు నేనే కొట్టుకున్నాను," అన్నాను.

"తెలుసు. రోడ్డు మీంచి వినపడేది."

కేకు సంగతి దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఐలీ కేకు ఏ కేకో అడగాలనిపించింది. అంత తెలివితక్కువ ప్రశ్న నోటి దాకా వచ్చి ఆగింది.

"ఎందుకు నానమ్మా?" వీర్పి ఎర్ర సంచి బల్ల మీద పడేసింది. "అమ్మని ఇంట్లో పెట్టి తాళమేసినట్టు చేశావు. ఎందుకు?"

లేంపి తైస్తో వంక చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఇద్దరు మనుషులు కలిసి ఏదో బరువు మోస్తున్నప్పుడు ఒకరికొకరు చూసుకునే చూపు అది.

"తైస్తో, ఆ రోజు నువ్వు చూసేసరికి కలెర్వో ఎలా ఉన్నాడు?" అన్నాను.

ఆయన మళ్ళీ మూల కుర్చీ వంక చూశాడు.

"ముందు చూసింది నేను కాదు ఇర్మా."

అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. జూన్‌లో పడి తుంటి దెబ్బతిన్నప్పట్నుంచి లేవడం ఆవిడకి పెద్ద పని. వీర్పి సాయం వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. ఆవిడ గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"మిగతాది ఆవిడే చెప్పాలి. నేనే ముందు చూశానని చెప్తానని మాటిచ్చాను," అన్నాడు తైస్తో. "ఆ మాట పెట్టుకుని నీ మొహం చూడలేక, ఆవిడ వెళ్ళిపొమ్మంటే హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయాను. అది నా తప్పు. తిట్టాలంటే తిట్టు."

"తిట్టే ఓపిక లేదు. కాఫీ తాగుతావా?"

తాగాడు. బన్ను తిన్నాడు. లేచి, టోపీ పెట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్ళీ అటే పోవచ్చా ఇర్మా?"

కాళ్ళు తుడుచుకుని పొమ్మను అనాలి. నోరు తెరిచాను. మళ్ళీ మూసి ఆయన కప్పు తీశాను.

"రేపు పదింటికి దుంగకి అవతల నిలబడతాం," అన్నాడు. "నువ్వు తీయమంటే తీస్తాం. లేదంటే ఎవరిళ్ళకి వాళ్ళం పోతాం. ఎవరూ ఏమీ అనరు."

* * *

ఆ సాయంత్రం ఆవిడ తలుపు తీయలేదు. నేను కొట్టలేదు. వీర్పి క్లబ్బు గదికి వెళ్ళి పిల్లల స్కీలకి మైనం రాసుకుంటూ అక్కడే ఉండిపోయింది.

తెల్లారి తొమ్మిదిన్నరకి నేను కోటు వేసుకుని బయటికొచ్చేసరికి, అత్తగారు వసారాలో బల్ల మీద కూర్చుని ఉంది. తల చుట్టూ శాలువా, చేతికి మేజోళ్ళు. పక్కన ఆవిడ జారుడు కుర్చీ సిద్ధంగా ఉంది. అది రెండు పొడుగాటి ఇనప పట్టీల మీద కూర్చోబెట్టిన చెక్క కుర్చీ. ఒకప్పుడు వెనక నిలబడి ఒక కాలితో తన్నుకుంటూ ఊరంతా చుట్టేసేది. ఇప్పుడు కుర్చీలో కూర్చోగలదు, అంతే. ఎవరో ఒకరు తోయాలి.

"నన్ను తీసుకెళ్ళు," అంది.

తోశాను. చలికి ముక్కులో వెంట్రుకలు అంటుకుపోతున్నాయి. స్తంభాల లైట్లు ఇంకా ఆర్పలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. కలెర్వో చేత్తో రాసిన అంకెలు. ఆయన పోయాక నేను ఈ అడవిలోకి అడుగుపెట్టింది ఒక్కసారే, మొన్న, ట్రాక్టరు మీద. అప్పుడు తల పక్కకి తిప్పలేదు.

పదకొండు దగ్గర ఆవిడ చెయ్యెత్తింది.

"ఇక్కడ."

ఆపాను.

"వాడు ఆ రోజు దారి గుర్తు కర్రలు పీకి కట్ట కడుతున్నాడు. నేను ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వచ్చాను, ఈ కుర్చీ మీదే. మంచు గట్టిగా ఉంది అప్పుడు. నన్ను చూసి నవ్వాడు. తర్వాత ఆ కర్రల కట్ట మీద కూర్చుండిపోయాడు. చెయ్యి లాగుతోందన్నాడు."

అడిగితే ఆపేస్తుందేమోనని భయం.

"ఇర్మాకి చెప్పకమ్మా, హడావిడి చేస్తుంది అన్నాడు. కాసేపు కూర్చుంటే తగ్గుతుందన్నాడు. సరే, పక్కన కూర్చున్నాను. కాఫీ తాగాడు. తన చిన్నప్పుడు మేమిద్దరం ఊరి చెరువులో చేపలు పట్టిన సంగతి చెప్పాడు. నేను మర్చిపోయాను, వాడికి గుర్తుంది."

"ఎంతసేపు?"

"ఫ్లాస్కు అయిపోయేదాకా."

ఆ ఫ్లాస్కు నాకు తెలుసు. ఆరు కప్పులు పడతాయి.

"ఫోను వాడి జేబులోనే ఉంది. నాకు నొక్కడం తెలుసు. వీర్పి నేర్పింది," అంది. మోకాళ్ళ మీద మేజోళ్ళ చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంది. "నువ్వు బళ్ళో నుంచి పది నిమిషాల్లో వచ్చేదానివి. అంబులెన్సుని పిలిచేదానివి. అందర్నీ పరుగులు పెట్టించేదానివి."

"అవును. పెట్టించేదాన్ని."

"అవును," అంది ఆవిడ. "నేను పిలవలేదు."

ఏడుపు వస్తుందనుకున్నాను. ఆవిడ మీద పడి కొడతానేమో అని కూడా అనుకున్నాను. చేతులు కుర్చీ వెనక పిడిని పట్టుకునే ఉన్నాయి. అవి నావి కావు అన్నట్టున్నాయి.

"ఎందుకు?" అన్నాను.

"వద్దన్నాడు కదా."

"అంతేనా అత్తయ్యా?"

చెట్ల మీంచి మంచు కుప్ప ఒకటి జారి కింద పడింది. ఆవిడ అటు చూసింది. కుర్చీ ముందుకి తోశాను.

పన్నెండు దగ్గర దుంగ కనపడింది. దాని అవతల మనుషులు. అరవై, డెబ్బై మంది ఉంటారు. అందరూ స్కీల మీద, వరసగా, నోరు విప్పకుండా. పిల్లలు కూడా చప్పుడు చెయ్యడం లేదు. పసుపు చొక్కాలో వీర్పి ముందు వరసలో ఉంది. ఐలీ ఉంది. పోస్టు మనిషి ఉన్నాడు. దుంగ మోకాలెత్తు కూడా లేదు, ఎవరైనా దాటేయవచ్చు. ఒక్క స్కీ మొన దాన్ని తాకలేదు.

తైస్తో టోపీ తీశాడు. "ఇర్మా?"

వీళ్ళందరూ రావాలని ఏడు నెలలు కిటికీ దగ్గర కూర్చున్నాను. వచ్చారు.

"తీయండి," అన్నాను.

నలుగురు దిగి పట్టారు. దుంగ పక్కకి దొర్లింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మా వాళ్ళు కొట్టరు. తైస్తో బండెక్కి మంచులో రెండు జతల గాడులు వేసుకుంటూ వెళ్ళాడు. వెనక వీర్పి, దాని వెనక పిల్లలు, బాతు పిల్లల్లా పడుతూ లేస్తూ. వెళ్తూ వెళ్తూ పాలపళ్ళూడిన పిల్లాడొకడు ఆగాడు.

"ఇర్మత్తా, సోమవారం బళ్ళో ఏం వండుతావు?"

"చేపల సూపు."

"ఛీ," అని వెళ్ళిపోయాడు.

పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ పక్కనుంచి పోతూ తలలూపారు. నేనూ ఊపాను. ఐలీ నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. చివరివాడు కూడా మలుపు తిరిగాక, అడవిలో మేమిద్దరమే మిగిలాం.

"చలిగా ఉంది," అంది అత్తగారు. "ఇంటికి పోదామా అమ్మాయ్?"

ముప్పై ఏళ్ళుగా ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే కాఫీ డబ్బా. ఆవిడకి వేరే ఇల్లు లేదు. నాకూ లేదు. పిడి మీంచి నా చేతులు తీశాను. ఆవిడ పక్కనుంచి నడిచి ముందుకెళ్ళాను, ఇంటి వైపు, స్తంభాలు లెక్కపెట్టుకుంటూ.

పదకొండు దాటాను. పది దాటాను.

వెనక కుర్చీ కదిలిన చప్పుడు లేదు. అది తనంతట కదలదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. చెవులు రిక్కించి విన్నాను. ఒక్క మాట, ఇర్మా అని ఒక్క మాట వినపడితే వెనక్కి వెళ్ళేదాన్నేమో.

పిలవలేదు.

తొమ్మిదో స్తంభం దగ్గర ఆగిపోయాను. వెనక్కి మాత్రం తిరగలేదు.